గాలి మారితే గుంపు మారాలి

తిరుపతిలో తెల్లవారుజామున బయలుదేరి చంద్రగిరి, చిత్తూరు మీదుగా పలమనేరు దాకా వెళ్లి తిరిగొస్తే సైకిల్ మీద 200 కిలోమీటర్లు దాటుతుంది. దూరప్రయాణ సైక్లిస్టులు గడువులోగా పూర్తిచేసే ‘బ్రెవే’ ప్రయాణాల్లో తొలి మెట్టు 200 కిలోమీటర్లే. గడువు 13 గంటల 30 నిమిషాలు. ఏప్రిల్, మే నెలల్లో ఆ వ్యవధిలోనే మాడ్చే ఎండ, ఈదురుగాలి, పిడుగుల వాన మూడూ ఎదురుకావచ్చు. పదిమంది తోడుంటే ధైర్యమే. కానీ ఆ పదిమంది ఒకరికొకరు ఎంత దగ్గరగా ఉండాలో తేల్చేది మాత్రం వాతావరణం.

ముందు ఎండ సంగతి చూద్దాం. పెడల్‌కు 120 వాట్లు అందాలంటే ఒళ్లు 500 వాట్లకు పైగా ఖర్చు పెడుతుంది. తక్కిన 400 వాట్లు వేడిగా మారి ఒంట్లోనే పోగవుతాయి. చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. బయట 41 ఉంటే గాలి మన వేడిని తీసుకుపోకపోగా ఇంకాస్త ఎక్కిస్తుంది. ఇక దిక్కు చెమట ఒక్కటే. గంటలో లీటరు చెమట ఆవిరైతే సుమారు 670 వాట్ల వేడి వదులుతుంది. కారి రోడ్డు మీద పడిన చెమటతో ఆ మేలు లేదు, నీరూ ఉప్పూ పోవడమే మిగులుతుంది. చెమట ఆవిరి కావాలంటే ఒంటి మీదుగా గాలి ఆడాలి.

ఇక్కడే గుంపు రెండు రకాలుగా పనిచేస్తుంది. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు అంతే వేగంతో ఎదురుగాలి వీస్తే, గాలిని చీల్చడానికే నాలుగు రెట్ల శక్తి కావాలి. ముందువాడి చక్రానికి దగ్గరగా వెళ్తే వెనకవాడికి ఆ భారంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తప్పుతుంది. అయితే అలా తప్పించుకున్న గాలే చెమటను ఆరబెట్టాల్సిన గాలి కూడా. మండుటెండలో వెనక నక్కినవాడికి శ్రమ తగ్గుతుంది, చల్లదనమూ తగ్గుతుంది. అందుకే ఎదురుగాలిలో దగ్గర జరిగిన వరుస, గాలి ఆగిన మధ్యాహ్నం కాస్త ఎడం పాటించాలి.

చిత్తూరు 330 మీటర్ల ఎత్తులో, పలమనేరు 680 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. మధ్యలో మొగిలి ఘాట్. ఎక్కుడులో వేగం గంటకు 12 కిలోమీటర్లకు పడిపోయి, వెనక నుంచి గాలి కూడా అంతే వేగంతో వీచిందనుకోండి. ఒంటికి తగిలే గాలి సున్నా. కాళ్లకు వెనకగాలి వరమే, ఒంటికి మాత్రం అదే ప్రమాదం. దారిలో ఎవరైనా చెమట పట్టడం మానేసినా, మాట తడబడినా, తల తిరుగుతోందన్నా అక్కడే ఆపి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి. ప్రయాణమంతా వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఉప్పేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో ఉండాలి.

మధ్యాహ్నం దాటాక ఉరుము మబ్బులు లేచి కథ మారుతుంది. చంద్రగిరి దాటాక వచ్చే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనాలయం ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1,024 యాంటెన్నాలతో, 53 మెగాహెర్ట్జ్ తరంగాలతో నెత్తిమీది గాలి కదలికను, నిలువునా లేచే ప్రవాహాలతో సహా, కొలుస్తుంది. ఉరుము మబ్బులో గాలి నిలువునా పైకి లేస్తుంది. వాన మొదలవగానే చల్లబడి బరువెక్కిన గాలి కిందికి దూకి నేల మీద నలుదిక్కులా పరచుకుంటుంది. మండే రోడ్డు మీద దుమ్ముతో హఠాత్తుగా తగిలే చల్లగాలి అదే. హాయిగా ఉందని వేగం పెంచడం తప్పు. మబ్బు దగ్గరికొచ్చిందని దాని అర్థం.

శబ్దం మూడు సెకన్లలో కిలోమీటరు పోతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లుంటే పిడుగు పది కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టే, అప్పటికే ఆగాలి. ఆఖరి ఉరుము తరవాత అరగంట గడిచాకే కదలాలి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ (ఐఐటీఎం) తయారుచేసిన దామిని యాప్ దగ్గరలోని పిడుగులను చూపిస్తుంది. సైకిల్ టైర్ల రబ్బరు కాపాడుతుందన్నది అపోహ. బంగారుపాళ్యం దారిలో మామిడి తోపులు పిలుస్తున్నట్టే ఉంటాయి గానీ చెట్టు కిందికి మాత్రం వెళ్లొద్దు. పక్కా భవనమో, తలుపులు మూసిన కారో చూసుకోవాలి. ఏదీ లేకపోతే సైకిళ్లు వదిలి, మనిషికీ మనిషికీ కనీసం 15 మీటర్ల దూరం ఉంచి కూర్చోవాలి. ఒక్క పిడుగుకు అందరూ పడిపోతే సాయం చేసేవాళ్లే ఉండరు. గడువు దాటిపోతుందని ఉరుముల్లో తొక్కించే బృంద నాయకుణ్ని నేను సమర్థించలేను.

వానలో ఘాట్ దిగడం ఇంకో పరీక్ష. పెడల్ ఆగితే ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది, తడిబట్టల మీద గాలి కొడుతుంది. నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. మన ఎండాకాలంలోనూ వణుకు పుట్టి వేళ్లు బ్రేకు మీద మొద్దుబారతాయి. రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది కాబట్టి దిగేటప్పుడు ఎడం బాగా పెంచాలి.

ఈశాన్య రుతుపవనాల కాలంలో ముప్పు పైనుంచి కాదు, రోడ్డుకు అడ్డంగా పారే నీటి నుంచి వస్తుంది. 2021 నవంబరు 19 వేకువన వాయుగుండం పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. ఆ రెండు రోజుల్లో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, స్వర్ణముఖి పొంగింది. దెబ్బతిన్న శ్రీవారి మెట్టు నడకదారి 2022 మేలో గానీ మళ్లీ తెరుచుకోలేదు. శేషాచలం కొండల్లో పడిన వాన గంటల్లోనే వంకల్లోకి దిగుతుంది. పారే నీటి తోపుడు కూడా గాలిలాగే వేగానికి వర్గంగా పెరుగుతుంది, నీరేమో గాలికన్నా 800 రెట్లకు పైగా సాంద్రమైనది. వడిగా పారుతుంటే చీలమండ దాటిన నీరు కూడా మనిషిని పడేయగలదు. ముందున్న ఇద్దరు కాజ్‌వే దాటారు కదా అని మూడోవాడు దిగకూడదు. ఈ కాస్త వ్యవధిలోనే వంక పెరిగి ఉండొచ్చు. అవతలికి చేరినవాళ్లు అక్కడే ఆగాలి, ఇవతలివాళ్లు ఇక్కడే ఆగాలి. ఆ పూటకు గుంపు రెండుగా ఉండటమే క్షేమం.