వీసా ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలా, దిగాక తీసుకోవచ్చా?

బళ్లారి నుంచైనా, హోసూరు నుంచైనా, బరంపురం నుంచైనా, షోలాపూర్ నుంచైనా ఇప్పుడు మనవాళ్లు సెలవులకు బాలి, కంబోడియా, వియత్నాం, దుబాయ్ వెళ్లి వస్తున్నారు. టికెట్టు కొన్నాక ఇంట్లో మొదలయ్యే మొదటి చర్చ వీసా గురించే. "అక్కడ దిగాక ఇస్తారట గదా, ముందే ఎందుకు తొందర?" అని ఒకరు, "చేతిలో కాగితం లేకుండా ఎలా బయల్దేరతాం?" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ఏ దేశానికి ఏ పద్ధతో తెలుసుకోకుండా బయల్దేరితే నష్టం చిన్నది కాదు. విమానాశ్రయం నుంచే వెనక్కి రావాల్సి వస్తుంది. టికెట్టు, హోటల్ డబ్బు కూడా చాలావరకు తిరిగి రాదు.

పేర్లు ఒకేలా ఉన్నా పనులు వేరు

ముందుగా మూడు మాటలను విడదీసి చూద్దాం.

ఒకటి, ఈ-వీసా. బయల్దేరే ముందే ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టి, పాస్‌పోర్టు స్కాన్, ఫొటో జతచేసి, కార్డుతో ఫీజు కడతాం. అనుమతి మెయిల్‌కు వస్తుంది. దాన్ని ప్రింటు తీసుకుని వెళతాం.

రెండు, వీసా ఆన్ అరైవల్. అక్కడి విమానాశ్రయంలో దిగాక కౌంటర్‌లో డబ్బు కట్టి తీసుకునే వీసా. ఇది అన్ని దేశాల పాస్‌పోర్టులకూ ఉండదు. ఏయే దేశాల వారికి ఇవ్వాలో ఆ దేశమే జాబితా పెట్టుకుంటుంది.

మూడు, అరైవల్ కార్డు. ఇది వీసా కాదు. ఒకప్పుడు విమానంలో ఇచ్చిన కాగితాన్ని ఇప్పుడు ఆన్‌లైన్‌లో నింపిస్తున్నారు. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపవచ్చు, ఫీజు ఏమీ లేదు. ఈ కార్డునే వీసా అని చెప్పి డబ్బు గుంజే ప్రైవేటు సైట్లు ఉన్నాయి కాబట్టి తేడా తెలిసి ఉండాలి.

ఈ పేర్ల గందరగోళం మన దేశంలోనూ జరిగింది. 2014 నవంబరులో భారత ప్రభుత్వం విదేశీ పర్యాటకులకు ఆన్‌లైన్ అనుమతి పద్ధతి తెచ్చి, దానికి 'టూరిస్ట్ వీసా ఆన్ అరైవల్' అని పేరు పెట్టింది. నిజానికి ముందే దరఖాస్తు చేసుకోవాలి. పేరు చూసి దిగాక ఇస్తారని అనుకునే వీలుండడంతో 2015 ఏప్రిల్‌లో దాని పేరు 'ఈ-టూరిస్ట్ వీసా'గా మార్చారు.

మొదటి పరీక్ష మన విమానాశ్రయంలోనే

వీసా చూసేది అవతలి దేశం అధికారి మాత్రమే అనుకుంటాం. దానికంటే ముందు చూసేది చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో చెక్-ఇన్ కౌంటర్‌లో కూర్చున్న విమాన సంస్థ ఉద్యోగి. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకెళితే ఆ సంస్థకు జరిమానా పడవచ్చు, అతణ్ణి తిరిగి తీసుకొచ్చే బాధ్యత కూడా దానిదే. అందుకే వాళ్లు ఏ పాస్‌పోర్టుకు ఏ దేశంలో ఏం కావాలో కంప్యూటర్‌లో చూసుకుని గానీ బోర్డింగ్ పాసు ఇవ్వరు. దిగాక వీసా దొరికే దేశమైనా తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్, ఆరు నెలలకు తగ్గకుండా గడువున్న పాస్‌పోర్టు ఉన్నాయా అని అడుగుతారు.

ఇంకో సంగతి, వీసా చేతిలో ఉన్నంత మాత్రాన లోపలికి వెళ్లే హక్కు వచ్చినట్టు కాదు. చివరి నిర్ణయం అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారిదే. రెండు పద్ధతులకూ ఇది వర్తిస్తుంది.

బాలి: రెండు దారులూ ఉన్న చోటు

ఇండోనేసియాలో భారత పాస్‌పోర్టుకు రెండు పద్ధతులూ ఉన్నాయి కాబట్టి పోల్చి చూడటానికి ఇదే మంచి ఉదాహరణ. ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నా, దిగాక కౌంటర్‌లో తీసుకున్నా ఫీజు ఒకటే, 5 లక్షల రుపియాలు. మన డబ్బులో మూడు వేల రూపాయల లోపే. ఉండనిచ్చేది 30 రోజులు, ఒక్కసారి ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు.

మరి తేడా ఎక్కడ? ఆన్‌లైన్‌లో తీసుకున్నవారు డబ్బు కట్టే వరుసలో నిలబడక్కర్లేదు. పెద్దవాళ్లతో, పసిపిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది పెద్ద ఊరట. దరఖాస్తులో ఏదైనా తేడా వస్తే ఇంట్లో ఉండగానే తెలుస్తుంది. మంజూరైన నాటినుంచి 90 రోజుల్లోగా వెళ్లాలి కాబట్టి మరీ ముందుగా తీసుకోనూ కూడదు. దిగాక తీసుకునేవారికి ఉన్న లాభం వేరు. ప్రయాణం రద్దయితే వీసా ఫీజు పోదు. ఆన్‌లైన్‌లో కట్టినది తిరిగి రాదు.

బాలి వెళ్లేవారు గుర్తుంచుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. 2024 ఫిబ్రవరి 14 నుంచి విదేశీ పర్యాటకులు మనిషికి లక్షా 50 వేల రుపియాల పన్ను కట్టాలి. ఇది వీసా ఫీజు కాదు, విడిగా కట్టేది. రెండోది, దిగిన రోజునే మొదటి రోజుగా లెక్కిస్తారు. గడువు దాటితే రోజుకు 10 లక్షల రుపియాల జరిమానా. అర్ధరాత్రికి కాస్త ముందు దిగేవారు తిరుగు టికెట్టు తీసుకునేటప్పుడు ఈ లెక్క చూసుకోవాలి.

బాలికి సింగపూర్ మీదుగా వెళ్లేవారు టికెట్టు ఎలా కొన్నారో చూసుకోవాలి. ఒకే టికెట్టు మీద వెళితే సామాను నేరుగా బాలి చేరుతుంది. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొంటే సింగపూర్‌లో సామాను తీసుకోవడానికి ఇమ్మిగ్రేషన్ దాటాల్సి రావచ్చు. అప్పుడు సింగపూర్ వీసా కావాలి, అది మనకు దిగాక ఇచ్చేది కాదు.

కంబోడియా, వియత్నాం, దుబాయ్

కంబోడియాలోనూ రెండు దారులున్నాయి. దిగాక తీసుకునే టూరిస్టు వీసాకు 30 డాలర్లు. చిరగని, మడతలు పడని డాలర్ నోట్లు తీసుకెళ్లడం మంచిది.

వియత్నాం సంగతి వేరు. ఇక్కడ మామూలు పర్యాటకుడికి ముందే తీసుకునే ఈ-వీసాయే దారి. 2023 ఆగస్టు 15 నుంచి దీని గడువు 90 రోజులకు పెంచారు. ఒక్కసారి వెళ్లి రావడానికి 25 డాలర్లు, ఎక్కువసార్లకు 50 డాలర్లు. ఫారంలో ఒక్క అక్షరం తప్పు పడినా ఆ వీసా పనికిరాదు, మళ్లీ ఫీజు కట్టి కొత్తది తీసుకోవాలి. 'వియత్నాం వీసా ఆన్ అరైవల్' అని ప్రకటనలు ఇచ్చే ఏజెంట్లు ఉన్నారు. వాళ్లు ఇప్పించేది కూడా ముందే తెచ్చుకోవాల్సిన అనుమతి పత్రమే. దాని కోసం ఏజెంటుకు అదనంగా ఇచ్చే డబ్బు దండుగ.

దుబాయ్‌కు మనలో చాలామందికి ముందస్తు వీసాయే. అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉన్నవారు, బ్రిటన్, ఐరోపా సమాఖ్య దేశాల్లో నివాస అనుమతి ఉన్నవారు వంటి కొందరికే దిగాక 14 రోజుల వీసా ఇస్తారు. పక్కింటివారి అబ్బాయికి దిగాక వచ్చిందంటే మనకూ వస్తుందని కాదు. అతని పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉండి ఉండవచ్చు.

ఇంటిపేరు, ఇనీషియల్: మనకు ప్రత్యేకమైన చిక్కు

వీసా ఫారంలో పేరుకు, ఇంటిపేరుకు వేర్వేరు గళ్లుంటాయి. ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటిపేరు రాసే అలవాటుంది. తమిళనాడులో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది తండ్రి పేరులోని మొదటి అక్షరాన్నే ఇనీషియల్‌గా పెట్టుకుంటారు. దానివల్ల పాస్‌పోర్టులో 'శ్రీనివాసులు' అని ఒక్క పేరే ఉండి, ఇంటిపేరు గడి ఖాళీగా మిగిలిపోతుంది. ఇంటిపేరు ఇంట్లో వాడుకలో ఉన్నా కాగితం మీద ఉండదు.

ఇది చిన్న విషయం కాదు. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులకు సందర్శక వీసా ఇవ్వబోమని ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని ఆ తర్వాత వివరణ వచ్చింది. దుబాయ్ వెళ్లే ఆలోచన ఉన్నవారు పాస్‌పోర్టు కొత్తగా తీసుకునేటప్పుడో, రెన్యూ చేయించేటప్పుడో ఇంటిపేరు గడి నింపించుకోవడం మేలు.

ఏ దేశం ఫారమైనా సరే, పేరు మనం పలికినట్టు కాకుండా పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరుసల్లో ఉన్నట్టే రాయాలి. ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే పాస్‌పోర్టులో ఉన్నదే లెక్క. టికెట్టు మీద కూడా అదే పేరు ఉండాలి.

పదో తరగతి పాసు కానివారు చూసుకోవాల్సింది

పాస్‌పోర్టు మీద 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అని ఉంటే దాన్ని ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. సాధారణంగా పదో తరగతి పాసు కానివారికి ఇది వస్తుంది. ఇలాంటివారు గల్ఫ్ దేశాలు, మలేసియా, ఇండోనేసియా, థాయ్‌లాండ్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. చూడటానికి వెళ్లి వచ్చేవారికి ఆ అనుమతి అక్కర్లేదు. అయితే చెల్లుబాటయ్యే వీసా, తిరుగు టికెట్టు చూపించాలి. దిగాక వీసా తీసుకుందామని వెళితే మన విమానాశ్రయంలో చూపడానికి చేతిలో వీసా ఉండదు, ప్రశ్నలు ఎక్కువవుతాయి. కాబట్టి ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న పెద్దవాళ్లను బాలి తీసుకెళ్లేవారు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడమే క్షేమం.

టూరిస్టు వీసా మీద ఉద్యోగం అంటే

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. "ఇప్పుడు టూరిస్టు వీసా మీద వెళ్లు, దిగాక వర్క్ వీసాగా మారుస్తాం" అని ఏజెంటు చెబితే అక్కడే ఆగిపోవాలి. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి తీసుకెళ్లి, అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించిన ముఠాల గుట్టు 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఒడిశాలో రూర్కెలా పోలీసులూ ఇలాంటి కేసునే పట్టుకున్నారు. వీసా సులువుగా దొరకడమే ఈ మోసగాళ్లకు పెట్టుబడి.

విదేశీ ఉద్యోగమైతే విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటు నమోదై ఉన్నాడో లేదో చూడాలి. అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800-11-3090కు ఫోన్ చేయవచ్చు.

యానాం కుటుంబాలకు

యానాంలో ఇదే ప్రశ్న తిరగబడి వస్తుంది. 1962 ఆగస్టు 16న ఫ్రెంచి స్థావరాలు చట్టరీత్యా మన దేశంలో కలిసినప్పుడు అక్కడివారికి ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే అవకాశం ఇచ్చారు. అలా ఎంచుకున్నవారి పిల్లలు, మనుమలు ఫ్రాన్సు నుంచి ఫ్రెంచి పాస్‌పోర్టు మీద వస్తుంటారు. వాళ్లకు భారత్‌లో వీసా ఆన్ అరైవల్ లేదు. ఆ సౌకర్యం జపాన్, దక్షిణ కొరియా, యూఏఈ పౌరులకే ఉంది. ఫ్రాన్సు నుంచి వచ్చేవారు కనీసం నాలుగు రోజుల ముందు ఈ-టూరిస్ట్ వీసాకు దరఖాస్తు చేయాలి. ఇది 30 రోజులకు, ఏడాదికి, ఐదేళ్లకు దొరుకుతుంది. దీని మీద హైదరాబాదు, విశాఖపట్నం, చెన్నై విమానాశ్రయాల్లో దిగవచ్చు.

తరచూ వచ్చేవారికి ఓసీఐ కార్డు ఇంకా మంచిది. 1947 ఆగస్టు 15 తర్వాత భారత్‌లో కలిసిన ప్రాంతానికి చెందినవారు, వారి సంతతి దానికి అర్హులని చట్టంలోనే ఉంది. యానాం సరిగ్గా ఆ కోవలోకి వస్తుంది. తాత, అమ్మమ్మల జనన పత్రాలు ఇంట్లో ఎక్కడున్నాయో వెతికి జాగ్రత్త చేయండి.

చివరిగా ఏది ఎంచుకోవాలి

రెండు దారులూ ఉంటే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉన్నా, ఈసీఆర్ పాస్‌పోర్టు అయినా, పేరు విషయంలో చిక్కు ఉన్నా ఇందులో రెండో ఆలోచన వద్దు. ప్రయాణం ఖాయమో కాదో తెలియనప్పుడు, ఒంటరిగా తక్కువ సామానుతో వెళ్లేటప్పుడు దిగాక తీసుకున్నా ఇబ్బంది లేదు.

దరఖాస్తు ఆ దేశ ప్రభుత్వ సైట్‌లోనే చేయండి. గూగుల్‌లో పైన కనిపించే మొదటి సైటు ప్రకటన కావచ్చు, అడ్రసు చివర 'గవ్' లేదా 'గో' అన్న మాట ఉందో లేదో, అది ఏ దేశానిదో చూడండి. మీ ఊరి ఇంటర్నెట్ సెంటర్‌లో నింపించినా మెయిల్, ఫోన్ నంబరు మీవే ఇవ్వండి. పంపే ముందు పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ ఇంకొకరి చేత చదివించండి. నియమాలు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారం ముందు మరోసారి చూసుకోండి. వచ్చిన వీసాను రెండు ప్రింట్లు తీసి, ఒకటి చేతి సంచిలో, ఒకటి సూట్‌కేసులో పెట్టుకోండి.