గోలీ ఆపాలా వద్దా, వాచీని అడగొద్దు

"అన్నా, వాచీల బీపీ నూట ఇరవై, ఎనభై చూపిస్తుంది. ఇంక గోలీ బంద్ చెయ్యనా?" హుజూర్‌నగర్‌లో మందుల షాపు నడుపుతున్న నన్ను ఈమధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. ఆ వాచీ హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న బిడ్డలు ప్రేమతో పంపింది. వద్దని ఒక్క మాట చెబితే సరిపోదు, ఎందుకు వద్దో కూడా చెప్పాలి.

జబ్బకు పట్టీ చుట్టే బీపీ మిషను గాలి నింపి రక్తనాళాన్ని నొక్కుతుంది. గాలి తగ్గేకొద్దీ నాళంలో పుట్టే అదురును పట్టుకుని లెక్క కడుతుంది. 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచి పట్టీతో కొలిచిన నాటి నుంచి కిటుకు ఇదే: ఒత్తిడిని ఒత్తిడితోనే కొలవడం. మామూలు వాచీ దేన్నీ నొక్కదు. దాని అడుగునున్న పచ్చ లైటు చర్మం కింద రక్తం ఎలా పొంగి తగ్గుతుందో చూస్తుంది. నాడి లెక్కకు అది చాలు, బీపీకి మాత్రం అంచనాయే. మా దగ్గర పాత రైతులు వడ్లగింజ కొరికి తేమ చెప్పేస్తారు, చాలాసార్లు తప్పదు కూడా. అయినా కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందో లేదో తేల్చేది మీటరే.

ఈ సంగతి కంపెనీలకూ తెలుసు. శాంసంగ్ వాచీలో బీపీ చూడాలంటే ముందు పట్టీ మిషను అంకెలు ఎక్కించాలి, 28 రోజులకోసారి మళ్లీ ఎక్కించాలి. యాపిల్ 2025లో తెచ్చిన సదుపాయం అంకెలు చూపదు. 30 రోజుల తీరు గమనించి, బీపీ ఉండొచ్చని హెచ్చరిస్తుందంతే. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఆమ్రాన్ వాచీ నిజంగానే కొలుస్తుంది, ఎందుకంటే దాని బెల్టులోనే గాలి నిండుతుంది. పట్టీలేని పరికరాలను నమ్మి వైద్యం చేయొద్దని యూరప్ హైపర్‌టెన్షన్ సొసైటీ 2023లో స్పష్టంగా చెప్పింది.

గోలీ వేసుకుంటున్నందుకే చాలామందికి బీపీ అదుపులో ఉంటుంది. ఆపితే మళ్లీ పెరుగుతుంది, పెరిగినట్టు ఒంటికి తెలియదు. తెలిసేసరికి పక్షవాతమో, కిడ్నీ దెబ్బతినడమో జరిగిపోవచ్చు. నా భయమంతా అదే.

ఇంట్లో బీపీ చూసుకోవడం మాత్రం చాలా మంచి అలవాటు. పరీక్షల్లో నెగ్గిన, జబ్బకు చుట్టే మిషను కొనండి. పట్టీ మీ జబ్బ లావుకు సరిపోవాలి. చూసుకునే ముందు అరగంట టీ, బీడీ ముట్టొద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చొక్కా మీద కాకుండా ఒంటికే చుట్టి, చెయ్యి గుండె ఎత్తున పెట్టండి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున గోలీకి ముందు, మళ్లీ సాయంత్రం, వారం పాటు చూసి నోటుబుక్కులో రాయండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. దవాఖానలో 140/90 హద్దయితే, ఇంట్లో 135/85.

ఆ పుస్తకం డాక్టరుకు చూపించండి, మందు పెంచాలో తగ్గించాలో వారే చెబుతారు. దేశంలో అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం 2017లో మొదలైనప్పుడు తొలి ఐదు రాష్ట్రాల్లో మన తెలంగాణ ఒకటి. సర్కారు దవాఖానల్లో బీపీ గోలీలు ఉచితంగా ఇస్తున్నారు. ఖర్చుకు భయపడి మానేయాల్సిన పని లేదు. అంకె 180/120 దాటి, ఛాతీ నొప్పి, మాట తడబడటం, చెయ్యో కాలో పడిపోవడం ఉంటే వాచీ చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

వాచీని మూలన పడేయమనడం లేదు. అడుగులు లెక్కపెడుతుంది, పొద్దున్నే నడిపిస్తుంది, నడక బీపీకి నిజంగా మేలే. దూరాన ఉన్న పిల్లలకు నా మనవి ఒక్కటే: అమ్మానాన్నలకు వాచీ పంపితే పట్టీ మిషను కూడా పంపండి. ఫోన్ చేసినప్పుడు పుస్తకంలో రాసిన అంకెలు చదివి వినిపించమనండి.