పెరటి తోటకు సలహాదారు మీ ఊళ్లోనే ఉన్నారు

పత్తి, చెరకు, అల్లం పండించే రైతు కూడా వారం వారం అంగడికి పోయి తోటకూర కట్ట కొనుక్కుని వస్తున్నాడు. ఇంటి వెనక జాగ మాత్రం కందికట్టెతో, పేడకుప్పతో నిండి ఉంటుంది. కూరగాయలు ఎందుకు వేయలేదని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "వేసినం, పురుగు తిన్నది."

నీళ్లు లేక, జాగ లేక పోయే పెరటి తోటలు కొన్నే. పురుగు కనబడిన రోజున సరైన మాట చెప్పే మనిషి లేక పోయేవే ఎక్కువ. ఎకరాల పంటకు సలహా చెప్పేవారు ఎలాగో దొరుకుతారు. పది బెండ మొక్కల కోసం ఎవరొస్తారు? అందుకే చాలా ఇళ్లలో పత్తికి కొట్టగా పంపులో మిగిలిన మందును వంగ మీద, బీర మీద కొట్టేస్తారు. రెండు రోజులకు అదే కాయ కూరలో పడుతుంది. పిల్లలు తింటారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. పత్తి మందు పత్తికే. మిగలకుండా కలుపుకోండి. మిగిలినా పెరట్లోకి తేవద్దు.

ఎవరిని అడగాలి?

దూరం పోనక్కర లేదు. ఏటా బీర, సొర గింజలను బూడిదలో కలిపి దాచుకునే పెద్దమ్మ మీ వాడలోనే ఉంటుంది. కూరగాయలు పండించి అంగడిలో అమ్మే రైతు పక్క వీధిలో ఉంటాడు. ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంటి ముందు తోట పెంచుకుంటున్న పంతులుగారు ఉంటారు. వీళ్లు డబ్బులు అడగరు. అడిగేవారు లేక ఊరుకున్నారంతే.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో ఈ పద్ధతి కొత్త కాదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువగా దళిత చిన్న రైతులు, పాత విత్తనాలను కాపాడి ఒకరికొకరు ఇచ్చుకుంటూ వచ్చారు. విత్తనం తీసుకున్నవారు పంట వచ్చాక కొంత కలిపి తిరిగి ఇస్తారు. 2008లో మాచునూరులో మొదలైన సంగం రేడియోను నడిపిందీ ఈ ఊళ్ల మహిళలే. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సొసైటీకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బడికి పోని ఆడవాళ్ల దగ్గర కూడా ఎంత వ్యవసాయ విద్య ఉందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఎలా మొదలుపెట్టాలి?

మహిళా సంఘం సమావేశం రోజున ఒక అరగంట పెరటి తోటకు కేటాయించండి. తెలిసిన పెద్దమ్మను, రైతును పిలిచి కూర్చోబెట్టండి. "చెట్టు ఎండుతుంది" అంటే చాలదు. తెగులు పట్టిన ఆకును, కాయను కవరులో పెట్టి తీసుకురండి. ఎన్ని రోజులైంది, నీళ్లు ఎన్నాళ్లకోసారి పెడుతున్నారు, ఇప్పటికే ఏమైనా కొట్టారా, అన్నీ చెప్పండి. దాచిపెడితే నష్టం మీకే. వీలైతే వారిని మీ పెరట్లోకే తీసుకుపోండి. చెట్టు దగ్గర నిలబడితే సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

అదే రోజు గింజలు మార్చుకోండి. అయితే హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజ తల్లి చెట్టులాగ కాయదు. నాటు రకాల గింజలే దాచండి.

అనుభవం ఉన్నవారు చెప్పే మాటలు

బెండ: ఆకు ఈనెలు పసుపు రంగుకు తిరిగితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ వల్ల పాకుతుంది. పట్టిన మొక్కకు మందు లేదు. కనబడగానే పీకి పూడ్చేయండి. అర్క అనామిక రకం దీన్ని కొంత తట్టుకుంటుంది.

వంగ: లేత కొనలు వాలిపోతే లోపల పురుగు ఉన్నట్టే. వాలిన చోటికి కొంచెం కింద తుంచి కాల్చేయండి. పుచ్చు కాయలను కూడా పెరట్లో పారేయవద్దు.

బీర, కాకర: మొదట వచ్చేవి ఎక్కువగా మగపూలు. కాయ పట్టలేదని తీగ పీకకండి. పిందెలు వంకరపోయి కుళ్లి రాలితే అది పండు ఈగ పని. రాలినవి ఏరి లోతుగా పూడ్చండి. వదిలేస్తే లోపలి పురుగు నేలలో దూరి మళ్లీ ఈగై లేస్తుంది.

పేనుబంక, దోమలకు: అరకిలో వేపగింజల పప్పును దంచి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. ఉదయం బాగా పిసికి వడకట్టి, పది లీటర్లు అయ్యేలా నీళ్లు పోయండి. పది గ్రాముల సబ్బుపొడి కలిపి ఆ సాయంత్రమే ఆకు అడుగున తడిసేలా కొట్టండి. నిలవ ఉంచవద్దు.

ఎంత జాగ, ఏ పంట?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు కూరగాయలు, పండ్లు కలిపి అరకిలో కావాలి. గుంటెడు జాగ అదంతా ఇవ్వదు. కానీ ఆకుకూర కొనే పని తప్పుతుంది, కూరగాయల ఖర్చు తగ్గుతుంది. తొలకరికి బెండ, గోకర, బీర వేయండి. చలికాలం టమాట, పాలకూర, మెంతి వేసుకోవచ్చు. ఎండాకాలం తోటకూర, పుంటికూర వస్తాయి. ఆకుకూర గింజలన్నీ ఒకేసారి చల్లకుండా పదిహేను రోజులకొక మడి వేస్తే ఏడాదంతా అందుతుంది. గట్టు మీద పీకేఎం-1 మునగ గింజ పెట్టండి, ఆరు నెలలకు కాపు మొదలవుతుంది. స్నానాల నీళ్లను అరటికి మళ్లించండి.

వారికి తెలియకపోతే?

ఊరి పెద్దమ్మకు అన్నీ తెలియాలని లేదు. తెలియనిది తెలియదని చెప్పేవారినే నమ్మండి. అప్పుడు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు, ఖర్చు లేదు. జహీరాబాద్ వైపు వారికి దిద్గి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఒకరు పోయి తెలుసుకుని వచ్చి పదిమందికి చెప్పినా చాలు.

ఈసారి సంఘం సమావేశానికి ఒట్టి చేతులతో పోకండి. ఒక పురుగు పట్టిన ఆకు, ఒక పిడికెడు గింజలు పట్టుకుపోండి.