కుటుంబ ఛాయాచిత్రమునకు ఏ బట్ట కట్టవలెను?

పెండ్లి, షష్టిపూర్తి, గృహప్రవేశము మున్నగు శుభకార్యములందు కుటుంబమంతయు కూడి ఫొటో తీయించుకొనుట మనలో చాలకాలముగా ఉన్న వాడుకయే. షోలాపురమైనను, సేలమైనను, బరంపురమైనను, యానామైనను, మన తెలుగు నేతవారి యిండ్లలో గోడకు అటువంటి పటమొకటి వ్రేలాడుచుండును. పాత పటములలో పెద్దలు తమ మగ్గమునుండి దిగిన బట్టనే కట్టి కూర్చుండుట తరచుగా కనబడును. ఇప్పటి పటములు చాలవాటిలో ఇది నేత కుటుంబమనుటకు గుర్తుగా ఒక్క పోగైనను కానరాదు.

ఇది అభిమానమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. నేసినవారు తాము నేసిన మేలు చీరను ఇంట దాచుకొనుట అరుదు, అది అమ్ముడుపోవును. మగ్గము ఆగిన యింట జాకార్డు అట్టలు చిత్తు కాగితములతోబాటు తూకమునకు పోవును. పిమ్మట ఆ అంచు ఎట్టిది, ఆ కొంగు ఎట్టిది అని మనుమలు అడిగినప్పుడు చూపుటకు మిగులునది పటమొక్కటే. కావున పటమునకు బట్ట ఎంచుట చిన్న విషయము కాదని మా అభిప్రాయము.

మొదట ఇంటి పెద్దామె కట్టు చీరను నిర్ణయించవలెను. తక్కినవారి బట్టలు దానికి తగినట్లు చూచుకొనవచ్చును. ఇటీవల అందరును ఒకే రంగు కట్టుట వేడుకయైనది. అట్లు కట్టినచో మనిషికిని మనిషికిని హద్దు తెలియక అంతయు ఒకే ముద్దగా కనబడును. దానికంటె పెద్దామె చీర అంచులోని రంగొకటి తీసికొని, ఒకరి రవికెకు, ఒకరి ఉత్తరీయపు అంచుకు, ఒక బిడ్డ చొక్కాకు అందించిన చాలును. తొమ్మిది గజముల చీర కట్టు అలవాటున్న పెద్దలను ఆ కట్టుతోనే కూర్చుండబెట్టుడు.

చీరలో ఏది మేలో అది కనబడునట్లు కూర్చుండవలెను. కంచిలో కోర్వై చీరకు మూడు నాడెలు ఆడించి, ఒడలు ఒక రంగు, అంచు వేరొక రంగుగా కలిపి నేయుదురు. ఆ రెండు రంగులును కలియు చోటే నేతగాని పనితనము. బరంపురపు పట్టులో గోపురపు మొనలవంటి అంచు ప్రధానము. ముందు బిడ్డలను నిలిపి అట్టి అంచును మరుగుపరచినచో ఏమి లాభము? కొంగును ఒడిలో పరచుకొని కూర్చుండిన అందమునకు అందము, గుర్తునకు గుర్తు.

సన్నని గళ్లు, సన్నని చారలు గల బట్టను ఫొటోకు కట్టకుండుట మేలు. రెండు పలుచని గుడ్డలను ఒకదానిపై ఒకటి పెట్టి వెలుతురుకు పట్టిన, నీటి అలలవంటి చారలు కనబడుట మనకు తెలిసినదే. నేటి కెమెరాలోపల కూడ సన్నని గళ్ల అల్లికవంటి అమరిక యున్నది. బట్ట గళ్లును ఆ గళ్లును ఒకదానిపై ఒకటి పడగా, బట్టలో లేని అలలు పటములో పుట్టును. పెద్ద గళ్లకు, వెడల్పు అంచులకు ఈ బాధ తక్కువ.

జరీమీద ఫ్లాష్ దీపము సూటిగా పడిన, తెల్లని మచ్చయే తప్ప పువ్వు కానరాదు. ఎండలో తెల్లపంచె నేతయు అట్లే మాసిపోవును. ఉదయమున వసారాలోనో, కిటికీ ప్రక్కనో కూర్చుండుడు. ప్రక్కనుండి వచ్చు వెలుతురులో బుటా ఉబ్బు, పోగు గరుకు చక్కగా తెలియును.

ఇక సిద్ధపరచుకొనుట. చాలకాలము ఒకే మడతలో నున్న పట్టు ఆ మడత వెంబడి చిట్లును. నాలుగైదు దినములు ముందుగానే పెట్టె తెరచి, చీరను నీడలో ఆరవేసి, మడత మార్చవలెను. ఇస్త్రీ చేయవలసివచ్చిన, తిరగవేసి, పైన నూలుగుడ్డ కప్పి, కొద్ది వేడితో చేయుడు. జరీపై నీరు చిలుకరాదు. మగ్గమునుండి దిగిన క్రొత్త నూలుచీరలో గంజి యుండును. ఒకసారి ఉతికినగాని కుచ్చెళ్లు ఒదిగి యుండవు. బిడ్డలకు ముందు అన్నము పెట్టి, చివరకు బట్ట తొడుగుడు.

మరమగ్గము నడుపువారికిని, వృత్తి మానినవారికిని చేతినేత చీర ఇంట లేకపోవచ్చును. బంధువులయింట అడిగి తెచ్చుకొనుటలో చిన్నతనము లేదు. తాత నేసిన తువాలు ఒక్కటి భుజముపై నున్నను చాలును.

పటము వచ్చిన పిమ్మట అసలు పని యున్నది. పాత పటములో అవ్వగారి చీర నల్లగా కనబడిన, అది నలుపే యని అనుకొనరాదు. ఆ కాలపు ఫొటో పలకలు చాలవరకు ఎరుపు వెలుతురును పట్టలేకుండెను. ఎర్రచీర నల్లగాను, లేత నీలము తెల్లగాను పడెడిది. వెనుక ఒక్క ముక్క వ్రాసియున్న ఈ సందేహము లేకపోవును. కావున పటము వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. చీర ఎవరు నేసిరి, పట్టా నూలా, నూలైన ఎన్నవ నంబరు, జాకార్డు ఎన్ని హుక్కులది, అంచుకు మీ యింట ఏమి పేరు — ఇవియు వ్రాయుడు. కొంగును విప్పి పరచి, ప్రక్కన కొలబద్ద పెట్టి, వేరుగా ఒక ఫొటో తీయుడు. సెల్‌ఫోనులో తీసినను ఒక ప్రతిని కాగితముపై వేయించి దాచుడు.

2015 మొదలు ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఇంటిలో శుభకార్యము లేనివారు ఆ దినముననైనను ఈ పని చేయవచ్చును. అంచు పేరు చెప్పగల పెద్దలు మన మధ్య ఉండగానే చేయవలెనని మా మనవి.