ఇంటి కార్ఖానాకు చిన్న కొలిమి

డిగ్రీ పరీక్షలు వ్రాసిన మా విద్యార్థి ఒకడు ఒకనాడు నా వద్దకు వచ్చి, "సార్, మా అబ్బాజాన్ బిద్రీ పని చేస్తారు. బొగ్గుల కొలిమి మాని విద్యుత్ కొలిమి కొనదలచాము. 1600 డిగ్రీల కొలిమి కొనమని దుకాణదారు చెబుతున్నాడు. కొనవచ్చునా?" అని అడిగాడు. నేను భాష బోధించేవాణ్ణి. అయినను ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముకు సంబంధించిన ప్రశ్న కనుక, తెలిసినవారిని అడిగి గ్రహించిన విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

మొదట యోచింపవలసినది కొలిమిని గూర్చి కాదు, కరిగింపవలసిన లోహాన్ని గూర్చి. తుత్తునాగం సుమారు 420 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, వెండి 962 వద్ద, రాగి 1085 వద్ద కరుగుతాయి. బిద్రీ లోహంలో అధికభాగం తుత్తునాగమే, రాగి స్వల్పం. అవసరమైన వేడిమికన్న నూరు డిగ్రీలు అధికంగా అందుకొనగల కొలిమి చాలును. వెండి, రాగి కరిగించుటకు కూడ 1200 డిగ్రీల కొలిమి సరిపోతుంది.

రెండవది వేడిమినిచ్చే తీగ. నిక్రోమ్ తీగ సుమారు 1200 డిగ్రీల వరకు, కాంతాల్ తీగలలో మేలురకం 1400 వరకు తాళగలవు. ఇది తీగ వేడిమి. కొలిమి లోపలి వేడిమి ఇంతకన్న తక్కువ. కాంతాల్ తీగ ఒకసారి కాగిన పిమ్మట పెళుసుబారుతుంది. కనుక మూస దానికి తగులరాదు.

మూడవది విద్యుత్తు. 230 వోల్టుల వద్ద 16 ఆంపియర్ల ప్లగ్గు ఇవ్వగలిగినది 3680 వాట్లు మాత్రమే. కావున మూడు కిలోవాట్లకు మించని కొలిమిని ఎన్నుకొని, దానికి ప్రత్యేకంగా తీగ వేయించి, ఎర్తు తప్పక కలిపించాలి. కిలో రాగి కరుగుటకు కావలసిన వేడిమి యూనిట్లో ఆరవవంతు మాత్రమే. మిగిలిన ఖర్చంతా గోడలను వేడిచేయుటకే. అందుచేత బరువైన ఇటుకకన్న వేడిని నిలుపు తేలిక ఇటుక గల కొలిమి మేలు.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది, ప్రాణరక్షణ. తుత్తునాగం 907 డిగ్రీల వద్ద మరిగి ఆవిరి అవుతుంది. ఆ తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటలకు చలిజ్వరం వస్తుంది. కనుక ఉష్ణమాపకం లేని కొలిమి కొనరాదు. బొగ్గు, గ్యాసు కొలిములను మూసిన గదిలో వాడితే వాసన లేని కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీయవచ్చు. తడి అచ్చులో లోహం పోస్తే నీరు ఒక్కసారిగా ఆవిరియై లోహాన్ని ముఖంపైకి చిమ్ముతుంది. చౌకగా దొరికే పాత కొలిమిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దాని ధూళి ఊపిరితిత్తులకు శత్రువు.

ఈ సంగతులన్నీ విని ఆ విద్యార్థి తండ్రితో ఆలోచించి, 1200 డిగ్రీల చిన్న కొలిమి కొన్నాడు. మిగిలిన సొమ్ముతో గదికి పొగను బయటకు నెట్టే ఫ్యాను, తండ్రికి తోలు చేతితొడుగులు కొన్నాడు. ఉర్దూలో 'హునర్' అన్నా, తెలుగులో 'నేర్పు' అన్నా చేతిపనికే పరిమితం కాదు. పనిముట్టును అవసరానికి తగినట్లు ఎంచుకొనుటయు అందులో భాగమే. స్వయం ఉపాధిని కోరు మన విద్యార్థులు ముందుగా అలవరచుకొనవలసిన నేర్పు ఇది.