చేపల వేట వ్యాయామమేనా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



"నేనేమన్నా ఇంట్లో కూర్చుంటున్నానా? ఆదివారం పొద్దస్తమానం చెరువు గట్టునే ఉంటున్నానుగా! అంతకన్నా వ్యాయామం ఇంకేం కావాలి?"

ఈ మాట మా ఇంట్లో నెలరోజులపాటు రోజూ వినిపించింది. అన్నది మావారు. విన్నది నేను. మీ ఇళ్ళల్లో చెరువు బదులు పేకాటో, తోటపనో, బజారు తిరుగుళ్ళో ఉండవచ్చు. మాట మాత్రం ఇదే అయివుంటుంది.

మావారికి గాలం వేసి చేపలు పట్టడమంటే చిన్నప్పటినుంచీ సరదా. వారంలో ఆరు రోజులు ఆఫీసులో కుర్చీ, ఏడో రోజు చెరువు. ఆయనకిప్పుడు 52 ఏళ్ళు. ఆమధ్య రక్తపరీక్ష చేయిస్తే, మూడు నెలల షుగరు సగటు చెప్పే ఎ1సి పరీక్షలో 7.8 వచ్చింది. 6.5 దగ్గరనుంచీ మధుమేహం కిందే లెక్క. డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, "రోజుకో అరగంట నడవండి" అన్నారు. ఈయనేమో మాత్రలు వేసుకుంటున్నారు గాని నడవటం లేదు. అడిగితే పైన చెప్పిన జవాబు.

ఎన్నాళ్ళని వాదిస్తాం? ఒక ఆదివారం పులిహోర కలిపి, ఫ్లాస్కులో టీ పోసి, పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి సంచిలో పడేసి, "నేనూ వస్తాను పదండి" అన్నాను. ఆయన సంతోషించారు. పుస్తకం ఎందుకో తెలిస్తే అంత సంతోషించేవారు కాదు!

పొద్దున్న 7 గంటలనుంచి మధ్యాహ్నం 3 దాకా, అంటే 8 గంటలు, ఆయన ఏంచేస్తే అది గడియారం చూసి రాశాను. నిమిషాల్లో చెబుతాను వినండి. రోడ్డుమీద స్కూటరు ఆపి గట్టుదాకా నడవటం, తిరిగి రావటం 24. పలుగుతో మట్టి తవ్వి వానపాములు ఏరటం 15. ఇక్కడ చేప పడటంలేదని చోటు మార్చి నడవటం 16. నిలబడి గాలం విసరటం, లాగటం, చిక్కుపడిన తాడు విప్పుకోవటం 35. భోజనం, నడుం వాల్చటం 60. ఇక మిగిలినదంతా, అంటే 330 నిమిషాలు, బెండు మునుగుతుందా లేదా అని చూస్తూ గట్టుమీద కూర్చోవటం. అంటే అక్షరాలా ఐదున్నర గంటలు.

సరే, ఈ లెక్కకు అర్థమేమిటి? ఏది వ్యాయామమో ఏది కాదో తేల్చే కొలబద్ద ఏదన్నా ఉందా? ఉంది. దానిని మెట్ అంటారు. మనం ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిని 1 అనుకుంటే, ఏదైనా పని చేసేటప్పుడు దానికి ఎన్ని రెట్లు ఖర్చవుతుందో చెప్పేదే ఈ కొలత. అమెరికాలో బార్బరా ఐన్స్‌వర్త్ అనే ఆవిడ, మరికొందరు శాస్త్రజ్ఞులు కలిసి, నడకనుంచి ఇల్లు ఊడవటం దాకా వందలాది పనులకు ఈ విలువలు కట్టి 1993లో ఒక పట్టిక ప్రచురించారు. ఆ తరవాత 2000లోనూ, 2011లోనూ, 2024లోనూ దాన్ని సవరించారు. 3 మొదలుకొని 6 లోపు ఉంటే మధ్యరకం వ్యాయామం, 6, ఆపైన అయితే గట్టి వ్యాయామం అని లెక్క.

ఆశ్చర్యమేమిటంటే, చేపలు పట్టడం కూడా ఆ పట్టికలో ఉంది. అదీ ఒక రకంగా కాదు, చాలా రకాలుగా ఉంది. 2011 పట్టిక ప్రకారం పడవలో కూర్చుని గాలం వేస్తే 2. గట్టున నిలబడి వేస్తే 3.5. గట్టువెంట నడుస్తూ పడితే 4. పారే నీళ్ళలో దిగి, నడుస్తూ పడితే 6. ఊరికే కూర్చోవటం 1.3. మెట్ విలువను ఒంటి బరువుతో హెచ్చవేస్తే గంటకు ఎన్ని కాలరీలు ఖర్చయ్యాయో సుమారుగా వస్తుంది. 70 కిలోల మనిషి గట్టున నిలబడి గాలం వేస్తే గంటకు 245 కాలరీలు. అదే మనిషి అదే గట్టుమీద కూర్చుంటే 91. చెరువూ అదే, గాలమూ అదే. తేడా అంతా నిలబడటం, కదలటంలోనే ఉంది.

మేము కూర్చున్న చోటికి కాస్త దూరంలో ఒక పెద్దాయన మోకాలిలోతు నీళ్ళలో విసురువల వేస్తున్నాడు. వల భుజానికెత్తుకోవటం, నడుం తిప్పి విసరటం, తడిసి బరువెక్కిన వలను లాగటం, మళ్ళీ నాలుగడుగులు నడవటం. నేను చూస్తూ ఉండగానే ఇరవైసార్లు వేశాడు. టీ పోసి ఇస్తే తాగుతూ, "బాబుగారు చేపకోసం కూచుంటారమ్మా, మేము చేపెనకాల తిరుగుతాం" అన్నాడు. నేను పుస్తకంలో రాసుకున్న పేజీలన్నీ ఒక్క మాటలో తేల్చేశాడు. మన సముద్రతీరంలో అలివి వల లాగేవాళ్ళను చూసినవారికి చెప్పనక్కరలేదు. పదులకొద్దీ మనుషులు రెండు జట్లుగా ఇసుకలో కాళ్ళు తన్నిపట్టి తాళ్ళు లాగుతారు. వాళ్ళను పిలిచి "వ్యాయామం చెయ్యండి" అనే ధైర్యం ఎవరికుంది?

పని కూడా వ్యాయామమే అవుతుందన్నది కొత్త సంగతేమీ కాదు. 1953లో జెరీ మోరిస్ అనే డాక్టరు, ఆయన సహచరులు లండన్ బస్సు ఉద్యోగుల గుండెజబ్బుల గురించి ఒక పరిశోధన ప్రకటించారు. అవి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లకోసం రోజంతా మెట్లు ఎక్కి దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు. కాని గుండెపోట్లు డ్రైవర్లకే ఎక్కువగా వచ్చాయని తేలింది. కాబట్టి చెమటోడ్చే ఆటే ఆడాలని లేదు. ఒళ్ళు కదలాలి, అంతే.

ఇక మళ్ళీ మావారి లెక్క. నడక, తవ్వకం, నిలబడి గాలం విసరటం, అన్నీ ఉదారంగా కలిపితే 90 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 150నుంచి 300 నిమిషాల మధ్యరకం వ్యాయామం కావాలి. ఒక్కసారిగా పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అన్న పాత నిబంధన కూడా అప్పుడే తీసేశారు. కాబట్టి ఆయన అక్కడో నాలుగు, ఇక్కడో ఆరు నిమిషాలు నడిచింది కూడా చెల్లుతుంది. న్యాయంగా చెప్పాలి కదా! 8 గంటల చేపల వేటలో గంటన్నర వ్యాయామం, ఆరున్నర గంటలు విశ్రాంతి. వారానికి ఇంకా గంట బాకీ.

"పోనీ, ఆదివారం మరో గంట ఎక్కువ తిరుగుతాను, చాలుగా?" అన్నారాయన. ఈ ప్రశ్న మంచిదే. వారం మొత్తం వ్యాయామాన్ని ఒకటి రెండు రోజుల్లోనే చేసేవాళ్ళకు కూడా గుండె విషయంలో మేలు జరుగుతోందని ఇటీవలి పెద్ద పరిశోధనల్లో తేలింది. కాని షుగరు సంగతి వేరు. మనం నడిచినప్పుడు కండలు రక్తంలోని చక్కెరను లాక్కుని వాడుకుంటాయి. ఆ తరవాత కూడా కొంతకాలం ఇన్సులిన్ మాట బాగా వింటాయి. ఆ మంచితనం ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. ఆదివారం నడిచిన నడక బుధవారం నాటికి అరిగిపోతుంది. అందుకే షుగరున్నవాళ్ళు వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానకూడదని వైద్యులు చెబుతారు. మాత్ర ఏడూ ఒకేరోజు మింగితే పనిచేస్తుందా? ఇదీ అంతే.

ఆరోజు జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది. "బెండు కదులుతోంది, ఆగు" అంటూ భోజనం వాయిదా వేస్తూ వచ్చారు. ఉన్నట్టుండి ఆయన చేతులు వణకటం చూశాను. నుదుటిమీద చెమట. పిలిస్తే విసుగ్గా ఏదో అన్నారు, మాట తడబడింది. పొద్దున్న మాత్ర వేసుకున్నారు, ఫలహారం అంతంతమాత్రం, అన్నం వేళ దాటిపోయింది, ఎండ. షుగరు మాత్రల్లో కొన్ని రకాలు, తిండి ఆలస్యమైతే చక్కెరను మరీ కిందికి దించేస్తాయి. టీ కోసం నేను తెచ్చుకున్న పంచదార పొట్లం ఉంది. మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంటలో తేరుకున్నారు. అప్పుడు అన్నం తిన్నారు. ఆయన ఒక్కరే వచ్చి ఉంటే, పక్కన నీళ్ళు, మనిషి తూలి పడితే? ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

కాబట్టి మీ ఇంట్లో షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు వేటకో, పొలానికో, యాత్రకో వెళితే జేబులో పంచదార ఉండాలి, భోజనం వేళ తప్పకూడదు, తోడు ఒకరుండాలి. కాళ్ళకు చెప్పులు లేకుండా బురదలో దిగకూడదు. షుగరున్నవారికి కాలికి దెబ్బ తగిలినా తెలియకపోవచ్చు, తెలిసినా త్వరగా మానదు. ఇలా తూలిపోవటం జరిగితే మాత్ర సంగతి డాక్టరుగారితో తప్పక మాట్లాడాలి. మేమూ మర్నాడే వెళ్ళాము.

అక్కడే నా బండారం కూడా బయటపడింది. "మీరూ ఒకసారి చూపించుకోండమ్మా" అన్నారు డాక్టరుగారు. నా ఎ1సి 6.1 వచ్చింది. 5.7నుంచి 6.4 దాకా సరిహద్దు మీద ఉన్నట్టు. నేను తెల్లబోయాను. "పొద్దున్న లేచింది మొదలు చాకిరీ చేస్తూనే ఉంటానుగా! ఆదివారం ఆయన వ్యాయామం అయ్యాక చేపలు బండమీద రుద్ది, ఉప్పూ పసుపూ వేసి కడిగేదీ నేనేగా!" అన్నాను. అన్న తరవాత నాకే నవ్వొచ్చింది. ఇది మావారి మాటే కదా!

మర్నాడు అదే పుస్తకంలో నా లెక్క రాసుకున్నాను. ఇల్లు ఊడవటం 12 నిమిషాలు, తడిగుడ్డ పెట్టటం 15, బట్టలు ఆరెయ్యటానికి మేడమెట్లు ఎక్కి దిగటం 6. ఇవి మూడూ 3 మెట్లు దాటే పనులు. మొత్తం 33. మిగిలినదంతా పొయ్యి దగ్గర నిలబడటం, గిన్నెలు తోమటం, ఇస్త్రీ. గిన్నెలు తోమటం విలువ 2 కూడా లేదు. మా అమ్మ రోట్లో రుబ్బేది, బావిలోంచి నీళ్ళు తోడేది, బట్టలు బండమీద ఉతికేది. నాకు మిక్సీ ఉంది, కుళాయి ఉంది, ఉతికే మిషను ఉంది. ఊడవటం, తుడవటం కూడా వారంలో నాలుగు రోజులు పనిమనిషే చేస్తుంది. సాయంత్రానికి నడుం లాగుతుంది నిజమే. కాని అలసట వేరు, వ్యాయామం వేరు. ఒకేచోట నిలబడితే కాళ్ళు పీకుతాయి, గుండె మాత్రం వేగంగా కొట్టుకోదు. ఇంటిపని తక్కువని అనటం లేదు. దానికి జీతం లేదు, సెలవు లేదు. చేతనైనన్నాళ్ళు చేస్తాం. కాని దాన్ని చూపించి నడక ఎగ్గొడితే నష్టం మనకే.

ఏది చాలినంత శ్రమో తెలుసుకోటానికి పట్టిక అక్కరలేదు. పని చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే మధ్యరకం. గాలం ముందు కూర్చుని మావారు ఘంటసాల పాటలు వరసగా పాడారు. నేనూ గిన్నెల దగ్గర కూనిరాగం తీస్తూనే ఉంటాను. ఇంకేం చెప్పాలి!

చివరికి మేము చేసుకున్న ఒప్పందం ఇది. చేపల వేట మానమని నేను అనను. ఆ నీళ్ళ పక్కన వారానికోసారి ఆయన మనసు తేలికపడుతుంది, అదీ ఆరోగ్యమే. కాని స్కూటరు అర కిలోమీటరు ఇవతలే ఆపాలి. రెండు గాలాలు యాభై అడుగుల దూరంలో పెట్టాలి, దానికీ దీనికీ తిరుగుతూ ఉండాలి. అరగంటకోసారి లేవాలి. 12న్నరకు అన్నం. మిగతా రోజుల్లో, వారానికి ఐదు రాత్రులు, భోజనమయ్యాక ఇద్దరం అరగంట నడక. తిన్న తరవాత నడిస్తే చక్కెర అంత ఎత్తుకు లేవదు. వారానికి రెండు రోజులు కండలకు బలం వచ్చే పని కూడా ఉండాలన్నారు. అందుకని చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటున్నాము. మొదటిరోజు నేను ఆరింటికే ఆయాసపడ్డాను. ఆయన నవ్వలేదు, ఎందుకంటే ఆయన ఐదింటికే ఆగిపోయారు.

వచ్చేనెల ఇద్దరికీ మళ్ళీ పరీక్ష ఉంది. అంకె ఎంత వస్తుందో చూడాలి. మొన్న రాత్రి వాన వస్తుంటే నేనే బద్ధకించాను. ఆయన గొడుగు తీసి గుమ్మంలో నిలబడి, "ఏమోయ్, లెక్క రాసుకునేది నువ్వేగా, పద" అన్నారు.

మీరూ ఒక్కరోజు అలా లెక్క రాసి చూడండి. మీవారిదే కాదు, మీది కూడా.