పాత పడవయంత్రపు దిగువ పెట్టెకు తగిన కందెన

బండి యిరుసునకు కందెన వేయకున్న నేమగునో యెరుగని కృషీవలుడు లేడు. ఆముదమున మసి కలిపిన ముద్ద యిరుసునకు చాలును. అయితే అన్ని యంత్రములకు నొకే కందెన పనికిరాదు. పాత అవుట్‌బోర్డు మోటారును కొనదలచిన సభ్యులు ఈ సంగతిని ముందుగా గ్రహింపవలయును.

అవుట్‌బోర్డు మోటారనగా పడవ వెనుక పలకకు బిగించి, పని తీరిన పిమ్మట విప్పి తీసికొనిపోదగిన యింజను. అమెరికాలోని మిల్వాకీ పట్టణమున ఓలె ఎవిన్‌రూడ్ 1909లో వీనిని చేసి యమ్మసాగెను. ఇంజను పైనుండును. దానినుండి నిలువు కడ్డీయొకటి దిగువ పెట్టెలోనికి దిగును. అచ్చట పండ్లచక్రములు ఆ తిరుగుడును అడ్డమునకు మరల్చి, నీటిని త్రోయు రెక్కలను త్రిప్పును. ఈ పెట్టె నీట మునిగియే పనిచేయును. కావున కందెన బయటికి పోరాదు, నీరు లోనికి రారాదు.

కందెన నిర్ణయించుటకు పెట్టె కట్టుదిట్టమే ముఖ్యము.

మొదటిది: గేరు మార్చు సదుపాయము లేని మిక్కిలి పాత యంత్రములు. వీనిలో పెక్కింటికి రబ్బరు సీలు లేదు. కడ్డీ కంచు గొట్టములోనే తిరుగును. నూనె పోసిన కారిపోవును. వీనికి జారుడైన మెత్తని గ్రీజు, అనగా 0 నెంబరుది, తగును. అమెరికాలో మొక్కజొన్న కోత యంత్రముల గేరుపెట్టెలకై చేసిన కార్న్‌హెడ్ గ్రీజును పాత మోటారులవారు పలువురు వాడుచున్నారు. అది కదలినపుడు పలుచబడి, నిలిచినపుడు చిక్కబడును. సేద్యమునకై చేసిన వస్తువు పడవకును అక్కరకు వచ్చినది!

రెండవది: రబ్బరు సీలులు, గేరుమార్పు గల తరువాతి యంత్రములు. వీనికి సాధారణముగా పడవలకై చేసిన 80డబ్ల్యు-90 గేరునూనె వాడుదురు. కొంచెము నీరు చేరినను అది పండ్లను త్రుప్పునుండి కాపాడును.

మూడవది: 1960 దశకమున ఎవిన్‌రూడ్, జాన్సన్ పేర్లతో వచ్చిన, విద్యుత్తుతో గేరు మారు యంత్రములు. వీనికి తయారీదారు చెప్పిన పలుచని ప్రత్యేకపు నూనెయే వలయును. చిక్కని నూనె పోసిన గేరు సరిగా పడదు.

చక్రముల బేరింగులకు వాడు 2 నెంబరు గట్టి గ్రీజును మాత్రము ఏ పెట్టెలోను నింపరాదు. పండ్లు దానిని ప్రక్కకు త్రోయగా అది గోడలకంటుకొని మరల రాదు. పెట్టె నిండియున్నను పండ్లు ఎండి యరిగిపోవును.

నూనెపెట్టెను పరీక్షించు విధము సులభము. మోటారును ఒక రాత్రి నిలువుగా నుంచి, ఉదయమున క్రింది మరను కొంచెము వదులుచేయుడు. నూనెకన్న బరువైనది గనుక నీరున్నచో ముందుగా నీరే కారును. నూనె పాలవలె తెల్లబడియున్నను నీరు చేరినదని తెలియుడు. సీలులు మార్చక క్రొత్త నూనె పోసిన వ్యర్థము. నింపునపుడు క్రింది రంధ్రమునుండి ఎక్కించి, పై రంధ్రమున నూనె కనబడగానే ముందు పై మరను, పిమ్మట క్రింది మరను బిగింపుడు. ఇట్లు చేసిన లోన గాలి నిలువదు.

పాత పండ్లచక్రములు అంగడిలో దొరకుట దుర్లభము. ఒకమారు విరిగినచో మంచి యింజనుండియు మోటారు మూలబడును. కావున యంత్రముతో వచ్చిన పుస్తకమున్న దానినే ముందు చూడుడు. లేకున్న పెట్టెను పరీక్షించిన పిదపనే కందెనకు సొమ్ము వెచ్చింపుడు.